డిసర్టేషన్‌కి ఏ డిజైన్, ఏ టెస్ట్? సైకాలజీ పీజీ వాళ్ల కోసం ఒక పోలిక

బెంగళూరులో ఎమ్మెస్సీ సైకాలజీ చదివే మన తెలుగు పిల్లలు ఏటా చాలామందే ఉంటారు. ఫిబ్రవరి దాటిందంటే వాళ్ల దగ్గర్నుంచి నాకొచ్చే మెసేజ్ దాదాపు ఒకటే. "అక్కా, డేటా అంతా వచ్చేసింది. ఇప్పుడు ఏ టెస్ట్ వెయ్యాలి?"

ఈ ప్రశ్న అడగాల్సింది డేటా రాకముందు. గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ ఈ మాట ఇంకా ఘాటుగా చెప్పాడు, అదీ మన దేశంలోనే, 1938లో కలకత్తాలో జరిగిన గణాంక శాస్త్రజ్ఞుల సభలో. ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్‌ని పిలిస్తే అతను చేసేది పోస్ట్‌మార్టమే, ప్రయోగం దేనివల్ల చచ్చిపోయిందో మాత్రం చెప్పగలడు అన్నాడు.

టెస్ట్ అనేది, అంటే వచ్చిన తేడా కాకతాళీయమా కాదా అని చూసే గణాంక పరీక్ష, విడిగా ఎంచుకునేది కాదు. డిజైన్, అంటే ఎవరికి ఏ కండిషన్ ఇచ్చి ఎలా కొలవాలన్న ప్లాన్, ఖాయమైన రోజే టెస్ట్ కూడా ముప్పాతిక వంతు ఖాయమైపోతుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం డిజైన్ల గురించే ఉంటుంది, టెస్టుల పేర్లు చివర్లో కాస్త వస్తాయి.

ఒకే మనుషులా, వేరు వేరు మనుషులా

ఫోన్ టేబుల్ మీద పెట్టుకుని చదవడం ఒక కండిషన్, ఫోన్ పక్క గదిలో పెట్టి చదవడం రెండో కండిషన్ అనుకుందాం. చదివిన పది నిమిషాలకి ఎంత గుర్తుందో చూస్తారు. సగం మందికి మొదటిది, మిగతా సగానికి రెండోది ఇస్తే అది బిట్వీన్-సబ్జెక్ట్స్ డిజైన్. వచ్చిన ప్రతి మనిషికీ రెండూ ఇస్తే వితిన్-సబ్జెక్ట్స్.

క్లాసులో ముందు చెప్పేది బిట్వీనే కాబట్టి చాలామంది అలవాటుగా దాన్నే పట్టుకుంటారు. నా ఓటు మాత్రం కుదిరిన ప్రతిచోటా వితిన్‌కే. కారణం మనుషుల లెక్క.

కోహెన్ డి అంటే రెండు సగటుల తేడాని స్కోర్ల చెదురుతో (స్టాండర్డ్ డీవియేషన్‌తో) భాగించిన కొలత. ఆ కొలత ప్రకారం డి 0.5 అంటే మధ్యస్థమైన ప్రభావం. ఆల్ఫా 0.05 (లేని ప్రభావాన్ని ఉందనే అవకాశం), పవర్ 80 శాతం (ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం), టూ-టెయిల్డ్ (తేడా ఏ వైపు వచ్చినా లెక్కే) అని పెట్టుకుంటే, దాన్ని పట్టుకోవడానికి బిట్వీన్‌లో గ్రూపుకి 64 మంది చొప్పున 128 మంది కావాలి. అదే ప్రభావానికి వితిన్‌లో, రెండు కొలతల మధ్య సహసంబంధం 0.5 ఉందనుకుంటే, 34 మంది చాలు. సహసంబంధం ఇంకా ఎక్కువుంటే ఇంకా తక్కువ మందితో అయిపోతుంది. 34 మందిని హాస్టల్లోనూ పేయింగ్ గెస్ట్ ఇళ్లలోనూ పట్టుకుని ఒక నెల శని, ఆదివారాల్లో పూర్తి చెయ్యొచ్చు. 128 మందిని, అదీ ఒక్కొక్కరినీ నిశ్శబ్దంగా ఉండే గదికి రప్పించి కూర్చోబెట్టాలంటే సెమిస్టర్ అంతా దానికే పోతుంది. ఇక చిన్న ప్రభావం, అంటే డి 0.2 అయితే బిట్వీన్‌లో గ్రూపుకి 394 మంది, మొత్తం 788. ఆ అంకె చూసి చాలామంది టాపిక్కే మార్చుకుంటారు. మార్చుకోవాలి కూడా.

ఇంత తేడా ఎందుకంటే, వితిన్‌లో ప్రతి మనిషినీ తనతోనే పోలుస్తాం. ఇందిరానగర్‌లో పుట్టి పెరిగి చిన్నప్పట్నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివిన అమ్మాయి, అనంతపురం జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన అబ్బాయి ఒకే ఇంగ్లిష్ పేరాని ఒకే వేగంతో చదవరు. బిట్వీన్‌లో ఈ తేడా అంతా రొదలా పోగవుతుంది, అసలు ప్రభావం అందులో కలిసిపోతుంది. వితిన్‌లో తీసివేతలోనే అది కొట్టుకుపోతుంది.

మరి ఎప్పుడూ వితిన్ ఎందుకు వాడం? తేల్చేది ఒకే ప్రశ్న: మొదటి కండిషన్ మనిషిలో ఏదైనా మిగిల్చి పోతుందా?

మిగిల్చేవి రెండు రకాలు. అలసట, ప్రాక్టీస్ లాంటివి వరుస వల్ల వచ్చేవి. వాటికి కౌంటర్‌బ్యాలెన్సింగ్ సరిపోతుంది. సగం మందికి ముందు ఎ తర్వాత బి, మిగతా సగానికి ముందు బి తర్వాత ఎ. మూడు కండిషన్లుంటే వరుసలు 6, కాబట్టి మనుషుల్ని ఆరు గుణిజంలో తీసుకోండి, 30 లేదా 36. నాలుగైతే వరుసలు 24 అవుతాయి. అన్నీ వాడలేం కాబట్టి లాటిన్ స్క్వేర్ (ప్రతి కండిషనూ ప్రతి స్థానంలో ఒక్కోసారి వచ్చే అమరిక) వేసి నాలుగు వరుసలతో సరిపెడతాం.

రెండో రకం చెడ్డది. పదాల జాబితా గుర్తుపెట్టుకోవడానికి ఒక ట్రిక్ నేర్పి, ట్రిక్ ఉన్నప్పుడు లేనప్పుడు పోల్చాలనుకున్నారు. ముందు ట్రిక్ నేర్చుకున్నవాడు తర్వాతి జాబితాకి దాన్ని వాడకుండా ఎలా ఉంటాడు? వరుస తిరగేసినా లాభం లేదు. ఎ నుంచి బి మీద పడే నీడా, బి నుంచి ఎ మీద పడే నీడా సమానం కావు. ఇలాంటి చోట మారుమాట లేకుండా బిట్వీనే.

ఇంకో ఇబ్బంది, పాల్గొనేవాళ్లు మన ఉద్దేశం పసిగట్టేయడం. మార్టిన్ ఓర్న్ 1962లో దీనికి డిమాండ్ క్యారెక్టరిస్టిక్స్ అని పేరు పెట్టాడు. ఫోన్ పక్కన పెట్టి ఒకసారి చదివించి, ఆ ఫోన్ తీసుకెళ్లిపోయి మళ్లీ అదే పని చేయమంటే, మనం ఏం చూస్తున్నామో ఎవరికైనా అర్థమవుతుంది. మన మీద జాలితో ఫోన్ ఉన్నప్పుడు కాస్త తక్కువ గుర్తున్నట్టు రాసేవాళ్లు కూడా ఉంటారు, ఫ్రెండ్స్‌ని పట్టుకొస్తే మరీను. అందుకే వితిన్ పక్షపాతినైనా, ఫోన్ ప్రయోగాన్ని నేను బిట్వీన్‌గానే చేయమంటాను. 128 మంది దొరకరనుకుంటే ఇంకో ప్రశ్న వెతుక్కోమంటాను. 40 మందితో బిట్వీన్ చేసి ఏమీ రాలేదని బాధపడేకంటే అది నయం.

మధ్యేమార్గంగా మ్యాచింగ్ ఉంది. చదివే వేగాన్నిబట్టి ఇద్దరిద్దరిని జతలు కట్టి, జతలో ఎవరికి ఏ కండిషన్ వస్తుందో చీటీ తీస్తారు. పుస్తకంలో బాగుంటుంది. కానీ ముందొకసారి పిలిచి కొలవాలి, జతలో ఒకరు రాకపోతే రెండోవారి డేటా కూడా పోతుంది. రెండేళ్ల కోర్సులో దీనికి దిగమని నేను ఎవరికీ చెప్పను.

చీటీ నిజంగా తీయాలి

బిట్వీన్ తీసుకున్నాక అందులో ప్రాణమంతా రాండమ్ అసైన్‌మెంట్‌లోనే, అంటే ఎవరికి ఏ కండిషనో చీటీతో తేల్చడంలోనే ఉంది. ఎ సెక్షన్‌కి ఒకటి, బి సెక్షన్‌కి ఒకటి ఇచ్చి రాండమ్ అని రాస్తే అది రాండమ్ కాదు. వచ్చిన వరుసలో మొదటి సగానికి ఎ, తర్వాతి సగానికి బి ఇవ్వడం కూడా అంతే. సిల్క్ బోర్డు దగ్గర గంటసేపు ఇరుక్కుని చెమటలు కక్కుతూ ఆలస్యంగా వచ్చినవాళ్లందరూ బి గ్రూపులో పడతారు. అప్పుడు మీరు కొలిచింది ఫోన్ ప్రభావాన్నా, అవుటర్ రింగ్ రోడ్డు ప్రభావాన్నా?

తేలిక పద్ధతి ఏమిటంటే, నలుగురేసి బ్లాకులు చేసుకోండి. ఒక్కో బ్లాకులో రెండు ఎ-లు, రెండు బి-లు. వాటి వరుసని ఎక్సెల్‌లో రాండమ్‌గా కలిపి, ఒక్కో చీటీని ఒక్కో కవర్లో పెట్టి, కవర్ల మీద నంబర్లు వేసి అంటించేయండి. మనిషి వచ్చి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాకే కవరు చింపాలి. ఇలా చేస్తే మధ్యలో ఆపాల్సి వచ్చినా గ్రూపులు దాదాపు సమానంగా ఉంటాయి, "వీడు కాస్త డల్‌గా ఉన్నాడు, వీణ్ణి బి-లో వేద్దాం" అనే బుద్ధి మీకూ పుట్టదు. చదివిన మీడియం ఫలితాన్ని బాగా మారుస్తుందని అనుమానముంటే తెలుగు మీడియం వాళ్లకి ఒక కవర్ల కట్ట, ఇంగ్లిష్ మీడియం వాళ్లకి ఇంకో కట్ట పెట్టుకోండి.

గూగుల్ ఫామ్ వాట్సాప్ గ్రూపుల్లో తోసేసి 300 మందిని పోగేసినా అది సర్వేయే తప్ప ప్రయోగం కాదు. అందులో మీరు ఎవరికీ ఏదీ కేటాయించలేదు.

చీటీ తీయలేని సంగతులు

నైట్ షిఫ్టు ఐటీ ఉద్యోగులకి, డే షిఫ్టు వాళ్లకి ఏకాగ్రతలో తేడా ఉందా? బెంగళూరులో ఈ టాపిక్ మీద ఎన్ని డిసర్టేషన్లు వచ్చి ఉంటాయో! ఎవరికి నైట్ షిఫ్టు పడాలో మీరు నిర్ణయించలేదు. వయసు, జీతం, పెళ్లి, ఇంట్లో పసిపిల్లలు, ఇవన్నీ షిఫ్టుతో పాటే వస్తాయి. ఇది క్వాసీ-ఎక్స్‌పెరిమెంట్. చేయకూడదని కాదు, టైటిల్లో "ప్రభావం" అని రాయకూడదు. "తేడా" అని రాస్తే ఏ ఎగ్జామినరూ మిమ్మల్ని పట్టుకోలేడు.

ఈ రకానికీ వితిన్‌కీ ముడిపెడితే వచ్చేది మిక్స్‌డ్ డిజైన్. తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో, మన ఊరికే ప్రత్యేకమైన ప్రశ్న అడగాలంటే నాకు బాగా నచ్చేది ఇదే. ఒక ఉదాహరణ వివరంగా చెప్తాను.

జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో 100 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. నూరు రంగు గళ్ల రంగులు చెప్పడానికి సగటున 63 సెకన్లు పట్టింది. వేరే రంగు సిరాలో అచ్చేసిన రంగుల పేర్లు ఇచ్చి, సిరా రంగు చెప్పమంటే 110 సెకన్లు పట్టింది. చదవడం వద్దనుకున్నా ఆగదు, అదే అడ్డుపడుతుంది. ఇది వితిన్‌కి చక్కగా సరిపోయే పని. మనిషి మీద శాశ్వతంగా ఏమీ మిగలదు, వరుస తిప్పేస్తే చాలు.

ఇప్పుడు దీన్ని తెలుగులో చేయండి. బెంగళూరులో పుట్టి ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బళ్లో కన్నడ చదివి, తెలుగు లిపి రాని వాళ్లు ఎంతమందో ఉన్నారు. వాళ్లు ఒక గ్రూపు, తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఇంకో గ్రూపు. ఎర్ర సిరాలో "నీలం" అని చూపించి సిరా రంగు తెలుగులో చెప్పమంటారు. చదవడం వచ్చినవాళ్లకి ఆలస్యం కావాలి, రానివాళ్లకి కాకూడదు. గ్రూపు అనేది చీటీ తీయలేని అంశం, సిరాకీ పదానికీ పొంతన ఉండటం లేకపోవడం అనేది అందరికీ ఇచ్చే అంశం.

చెప్పడానికి ఇంత సులువు. చేసేటప్పుడు పైలట్‌లోనే (ముందుగా కొద్దిమందితో చేసే ట్రయల్‌లోనే) రెండు చిక్కులు బయటపడతాయి. మొదటిది, మన కుర్రాళ్లెవరూ మామూలుగా "ఆకుపచ్చ" అనరు, "గ్రీన్" అంటారు. "గ్రీ... ఆకుపచ్చ" అని నాలిక కరుచుకున్న ప్రతిసారీ మీ రియాక్షన్ టైమ్ పాడవుతుంది. పొంతన ఉన్న లేని రెండు కార్డుల్లోనూ అవే రంగులు అన్నే సార్లు వచ్చేలా చూసుకుంటే ఈ దెబ్బ రెండు వైపులా సమానంగా పడుతుంది. అసలు పని మొదలవకముందు ఇరవై రంగు చుక్కలతో తెలుగు పేర్లు అలవాటు చేయిస్తే ఇంకా మంచిది. రెండోది ఇంకా తమాషా అయింది. కన్నడ లిపి బాగా వచ్చినవాళ్లు తెలుగు అక్షరాలని కూడబలుక్కుని చదివేస్తారు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే మరి. "తెలుగు రాదు" అని టిక్ పెట్టినవాళ్లలో కొందరు "ఎరుపు" అనే మాటని ఇట్టే పోల్చుకుంటారు. అందుకని టిక్కుని నమ్మకుండా, ఒక నిమిషంలో ఎన్ని తెలుగు పదాలు చదవగలరో విడిగా కొలవాలి. ఆ కొలత ముందు, పనయ్యాక కాదు. లేదంటే రంగుల పేర్లన్నీ చదివి చదివి అప్పటికే ప్రాక్టీస్ అయిపోయి ఉంటుంది.

ముందూ తర్వాతా మాత్రమే కొలిచే డిజైన్

ఒకే గ్రూపు. ముందు ఒత్తిడి కొలుస్తారు, రెండు వారాలు మైండ్‌ఫుల్‌నెస్ చేయిస్తారు, మళ్లీ కొలుస్తారు. తగ్గింది, పెయిర్డ్ టి-టెస్ట్, పి విలువ 0.001 (దీని అర్థం కాసేపట్లో చెప్తాను), అందరూ సంతోషం. దీన్ని ఎంచుకోవద్దని గట్టిగానే చెప్తాను. ఇంటర్నల్స్ ముందు వారం మొదలుపెట్టి పరీక్షలయ్యాక ముగిస్తే ఏమీ చేయించకపోయినా టెన్షన్ తగ్గుతుంది. పైగా ఒత్తిడి ఎక్కువున్న వాళ్లనే ఏరి తీసుకుంటే, రెండోసారి కొలిచేసరికి వాళ్ల స్కోర్లు ఎలాగూ సగటు వైపు జారతాయి. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 1886లోనే తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో దీన్ని చూపించాడు.

ఇదే పనిని కాపాడటం కష్టం కాదు. సగం మందికి ఇప్పుడు చేయించండి, సగం మందిని వెయిట్‌లిస్ట్‌లో పెట్టి రెండు వారాల తర్వాత చేయించండి. ఎవరికి ముందు అన్నది కవర్లే చెప్తాయి. మనుషుల సంఖ్య పెరుగుతుంది, నిజమే. కానీ ముందు కొలతని కోవేరియేట్‌గా పెట్టి ఆన్‌కోవా (మొదట్నుంచీ ఉన్న తేడాలని లెక్కలోంచి తీసేసే టెస్ట్) వేస్తే పవర్ కొంత తిరిగి వస్తుంది.

పి విలువ అంటే, ఎనిమిది గ్లాసుల కాఫీ

మీ అపార్ట్‌మెంట్లో ఒక పెద్దాయన, "చికోరీ కలిసిందో లేదో ఒక గుటకతో చెప్పేస్తా" అంటాడనుకోండి. ఫిషర్ 1935లో రాసిన టీ ప్రయోగాన్ని (కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచితో చెప్తానన్న ఒకావిడ కథ) మనం ఫిల్టర్ కాఫీతో చేద్దాం. ఎనిమిది స్టీలు గ్లాసులు, నాలుగింట్లో ప్యూర్ పొడి, నాలుగింట్లో చికోరీ పొడి. చికోరీ పడితే డికాక్షన్ రంగు ముదురుతుంది కాబట్టి ఆయన కళ్లకి గుడ్డ కట్టాలి. అన్నీ ఒకే వేడిలో ఉండాలి. గ్లాసు అందించే మనిషికి ఏది ఏదో తెలియకూడదు, తెలిస్తే మొహంలో కనిపించేస్తుంది. వరుసని చీటీలతో కలపాలి. నాలుగు చికోరీ గ్లాసుల్ని ఆయన వేరు చేసి పెట్టాలి.

శూన్య పరికల్పన: ఆయనకి తేడా తెలీదు, గుడ్డి ఊహే. ఎనిమిదింట్లోంచి నాలుగు ఏరడానికి 70 దారులు. అన్నీ సరిగ్గా పడేది అందులో ఒక్కటే. కాబట్టి ఆయన అన్నీ సరిగ్గా చెప్తే పి విలువ డెబ్భైలో ఒకటి, 0.014. ఒక్క జత తారుమారై నాలుగింట్లో మూడే సరైతే? అలా కావడానికి 16 దారులు, అన్నీ సరైన ఒకటీ కలిపి 17. డెబ్భైలో 17 అంటే 0.24. ఒక్క పొరపాటుతో 0.014 నుంచి 0.24కి దూకింది.

పి విలువ అంటే ఇంతే. శూన్య పరికల్పన నిజమైతే ఇంత గొప్ప ఫలితం, లేదా ఇంతకన్నా గొప్పది, ఎంత తరచుగా వస్తుందన్న లెక్క. ఆయనకి నిజంగా తేడా తెలియని అవకాశం 1.4 శాతం అని దాని అర్థం కాదు. వైవాలో ఎక్కువమంది జారేది సరిగ్గా ఇక్కడే.

గ్లాసుల సంఖ్య మార్చి చూస్తే పవర్ కూడా అర్థమైపోతుంది. ఆరు గ్లాసులతో, మూడూ మూడుగా చేస్తే దారులు 20. అన్నీ సరిగ్గా చెప్పినా పి విలువ సరిగ్గా 0.05, దానికంటే కిందికి దిగదు. అంటే 0.05 కంటే తక్కువ రావాలని నియమం పెట్టుకున్నవాళ్లు ఈ ప్రయోగం మొదలుపెట్టకముందే ఓడిపోయారు. పన్నెండు గ్లాసులు, ఆరూ ఆరుగా పెడితే దారులు 924. ఒక్క జత తారుమారైనా 37 దారులే, పి విలువ 0.04. నిజంగా నాలిక ఉన్న మనిషికి ఒక్కసారి తడబడే హక్కు దొరికింది. తక్కువ మందితో చేసే ప్రయోగం ఆ హక్కు ఇవ్వదు, ఉన్న ప్రభావాన్ని కూడా లేదనిపిస్తుంది. దాన్నే టైప్ 2 తప్పు అంటాం. లేనిదాన్ని ఉందనడం టైప్ 1. పన్నెండు గ్లాసులని మాత్రం రెండు రోజులకి పంచండి. నాలిక మొద్దుబారడం ఒకటి, ఆ రాత్రి ఆయన నిద్ర సంగతి ఇంకొకటి.

వన్-టెయిల్డా (అనుకున్న ఒక్క వైపు తేడానే చూడటం), టూ-టెయిల్డా అన్నదానికి ఎక్కువ మాటలక్కర్లేదు. టూ-టెయిల్డ్ తీసుకోండి. ఫలితం మీరు అనుకున్నదానికి అడ్డంగా వస్తే "అది కూడా ఆసక్తికరమే" అని రాస్తారా? రాసేవాళ్లయితే వన్-టెయిల్డ్‌కి మీకు అర్హత లేదు. పి విలువ 0.08 చూశాక వన్-టెయిల్డ్‌కి మారి 0.04 చేసుకునే తెలివితేటల గురించి చెప్పక్కర్లేదు.

ఇక టెస్టుల పేర్లు

బిట్వీన్‌లో రెండు గ్రూపులైతే ఇండిపెండెంట్ టి-టెస్ట్. సాఫ్ట్‌వేర్‌లో స్టూడెంట్ టి, వెల్చ్ టి అని రెండు కనిపిస్తే వెల్చ్ తీసుకోండి, గ్రూపుల చెదురు వేరువేరుగా ఉన్నా అది తట్టుకుంటుంది. వితిన్‌లో రెండు కండిషన్లైతే పెయిర్డ్ టి-టెస్ట్. మూడు, అంతకంటే ఎక్కువుంటే బిట్వీన్‌కి వన్-వే అనోవా, వితిన్‌కి రిపీటెడ్ మెజర్స్ అనోవా. పై స్ట్రూప్ ఉదాహరణకి మిక్స్‌డ్ అనోవా. బిట్వీన్‌లో అవును, కాదు లాంటి లెక్కలకి కై-స్క్వేర్.

మాన్-విట్నీ, విల్కాక్సన్ అనే ర్యాంకుల టెస్టులు వేయాలా అని చాలామంది, డేటా గంట ఆకారంలో (నార్మల్‌గా) ఉందో లేదో చూసే షాపిరో-విల్క్ ఫలితాన్నిబట్టి నిర్ణయిస్తారు. గ్రూపుకి 60 మంది ఉంటే టి-టెస్ట్ మామూలు వంకర్లని ఓర్చుకుంటుంది, అంత కంగారక్కర్లేదు. పెయిర్డ్ అయితే చూడాల్సింది రెండు కొలతల తేడాల ఆకారాన్ని, ఒక్కో కొలతని విడిగా కాదు. రియాక్షన్ టైమ్‌లకి కుడివైపు పొడవైన తోక ఎలాగూ ఉంటుంది. ఒక్కో మనిషికి సగటు బదులు మీడియన్ తీసుకుంటే సగం గొడవ పోతుంది.

మిక్స్‌డ్ డిజైన్‌లో ఒక ఉచ్చు ఉంది, అనుభవమున్న పరిశోధకులు కూడా పడ్డారు. చదవడం వచ్చిన గ్రూపులో స్ట్రూప్ ప్రభావానికి పి విలువ 0.01 వచ్చింది, రాని గ్రూపులో 0.20 వచ్చింది. "కాబట్టి రెండు గ్రూపులూ వేరు" అని రాసేస్తారు. అది తేలలేదు. గ్రూపుకీ పొంతనకీ మధ్య ఇంటరాక్షన్‌ని, అంటే ఒక గ్రూపులోని ప్రభావం రెండో గ్రూపులోని దానికంటే వేరా అన్నదాన్ని, పరీక్షిస్తేనే తేలుతుంది. న్యూరోసైన్స్ పత్రికల్లో ఈ తప్పుకి ఆస్కారమున్న 157 వ్యాసాలని 2011లో పరిశీలిస్తే 79 వ్యాసాలు తప్పు దారే పట్టాయి.

కొలిచేవి కూడా తగ్గించుకోండి. ఒత్తిడి, నిద్ర, ఆత్మగౌరవం, ఒంటరితనం అన్నీ ఒకేసారి కొలిచి ఒక్కోదానికి ఒక టెస్ట్ వేస్తే, ఐదు టెస్టులకే కనీసం ఒక దొంగ ఫలితం వచ్చే అవకాశం 23 శాతం దాకా ఉంటుంది. ఇరవైకి 64 శాతం. ఒక్క ప్రధాన ఫలితాన్ని ముందే ప్రకటించండి. ఎంతమంది దగ్గర ఆపుతారో కూడా రాసిపెట్టండి. పి విలువ చూస్తూ పదేసి మందిని కలుపుకుంటూ పోవడం ఎంత చేటో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే పరిశోధకులు 2011లో చూపించారు. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలని మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతం సిగ్నిఫికెంట్‌గా ఉన్నవి రెండోసారి 36 శాతానికి పడిపోయాయి. ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో మీ ప్లాన్‌ని ప్రీరిజిస్టర్ చేయడానికి (డేటాకి ముందే నమోదు చేయడానికి) డబ్బులేమీ అడగరు.

సాఫ్ట్‌వేర్‌కి ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్స్ కోసం తిరగక్కర్లేదు. జమోవి, జాస్ప్ ఉచితం. పైన చెప్పిన 64, 34 లాంటి అంకెలు జీ-పవర్‌లో వస్తాయి, అదీ ఉచితమే. రంగులూ పదాలూ చూపించి సమయం కొలవడానికి సైకోపై ఉంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి డేటాకి ముందు రావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఒకసారి తిరగేయండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని తీసుకుంటే తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల అంగీకారం రెండూ కావాలి. పాల్గొనేవాళ్లు తెలుగులోనే తేలిగ్గా చదవగలరంటే సమ్మతి పత్రం తెలుగులోనే ఇవ్వండి.

అన్నీ సరిగ్గా చేసినా ఫలితం రాకపోవచ్చు. ఫోన్ ప్రయోగంలో గ్రూపుకి 64 మందితో డి 0.28, పి విలువ 0.12 వచ్చిందనుకోండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "అయితే ఫోన్ ప్రభావం లేదన్నమాట" అంటారు. తల ఊపకండి. డి-కి 95 శాతం విశ్వాస అంతరం (డేటాతో పొసగే విలువల పరిధి) సుమారుగా -0.07 నుంచి 0.63 దాకా ఉందని చెప్పండి. అందులో సున్నా ఉంది, మధ్యస్థమైన ప్రభావం కూడా ఉంది. ఈ డేటాతో రెండింట్లో దేన్నీ కొట్టేయలేమని చెప్పి, ఇదే ప్రశ్నని డి 0.3 అనుకుని మళ్లీ చేస్తే గ్రూపుకి ఎంతమంది కావాలో జీ-పవర్ లెక్క ఒక కాగితం మీద తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి.